ముద్దపప్పుకి రెండో అర్థం

ఆ మాట మొదటిసారి నేను ముద్దుగానే అన్నాను.

పెళ్లయి ఢిల్లీ వచ్చిన నాలుగో నెల. కంటోన్మెంటులో సివిలియన్ ఉద్యోగులకిచ్చే క్వార్టర్లలో మాది పై పోర్షను. నీళ్లు తెల్లవారి ఐదింటికి వచ్చి ఆరింటికల్లా ఆగిపోయేవి. కింది పోర్షనువాళ్లు పైపుకి చిన్న మోటారు బిగించుకున్నారు. అది తిరుగుతున్నంతసేపూ మా కుళాయి బుస్సుమని గాలి వదలడం తప్ప చుక్క రాల్చేది కాదు. మా ఆయన రెండు బకెట్లు పట్టుకుని కిందికి దిగి, వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి, నీళ్లు నింపుకుని మెట్లెక్కి వచ్చేవారు. మే నెల. బనీను తడిసి వీపుకి అతుక్కుపోయేది.

"కిందివాళ్లని ఒక మాట అడగొచ్చు కదండీ?" అన్నాను.

"అడిగితే మోటారు పీకేస్తారా? రోజూ మొహాలు చూసుకోవాలి. పోనీలే."

"మీరు ఉత్త ముద్దపప్పండీ."

"అయితే ఇంత నెయ్యేసి కలుపుకో," అంటూ బకెట్లు దించారు.

ఇద్దరం నవ్వుకున్నాం. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మాది తెనాలి పక్క ఊరు. కందిపప్పు మెత్తగా ఉడికించి, తాలింపు పెట్టకుండా, కాస్త ఉప్పు మాత్రం వేసి గరిటెతో తీస్తే కంచంలోకి మెల్లగా జారేదాన్ని మేం ముద్దపప్పంటాం. జ్వరం తగ్గిన పిల్లలకి మొదట పెట్టేది అదే. నోరు లేని మగవాణ్ణి కూడా మావైపు ఆ పేరుతోనే పిలుస్తారు. అలా పిలవడంలో సగం చులకన ఉంటుంది, సగం ప్రేమ ఉంటుంది. నేను ప్రేమ ఉన్న వైపు నుంచే మొదలుపెట్టాను. ఎప్పుడు రెండో వైపుకి దాటానో నాకే తెలియదు.

మా ఆయన కంటోన్మెంటులోనే ఒక ఆఫీసులో గుమాస్తా. పెళ్లికి ముందే పదేళ్లుగా ఢిల్లీలో ఉన్నారేమో, హిందీ అక్కడే పుట్టినవాళ్లలా మాట్లాడేవారు. అయినా ఆ హిందీతో ఎవరినీ గదమాయించగా నేను చూడలేదు. గ్యాసు సిలిండరు వరసలో ఎవడైనా ముందుకి దూరితే ఒకడుగు వెనక్కి వేసి చోటిచ్చేవారు. ఆఫీసులో కిటికీ పక్కన, కూలరు ఎదురుగా ఉన్న తన సీటుని తనకన్నా చిన్నవాడు అడిగితే ఇచ్చేసి వచ్చారు. ఆ సంగతి తనే నవ్వుతూ చెప్పారు. నేను నవ్వలేదు.

"మీ సీటు మీరెందుకు వదులుకోవాలి?"

"వాడికి చెమటపొక్కులు. పాపం గోక్కుంటున్నాడు."

"ముద్దపప్పు!" అన్నాను. ఈసారి నెయ్యి ప్రస్తావన రాలేదు.

ఆదివారాలు మా క్వార్టర్లలోని తెలుగువాళ్లం నాలుగైదు కుటుంబాలు ఎవరో ఒకరింట్లో చేరేవాళ్లం. శ్రీకాకుళం వాళ్లు, కరీంనగర్ వాళ్లు, కర్నూలు వాళ్లు. మగవాళ్లు పేకాట, ఆడవాళ్లం కబుర్లు. నేను ఎం.ఏ. తెలుగు చదివి, ఆ చదువుతో ఏ పనీ లేక ఆ రెండు గదుల్లో కూర్చున్నదాన్ని. మాట్లాడితే వినేవాళ్లు ఆ ఆదివారాల్లోనే దొరికేవారు. నాకు మాటకారితనం ఉంది. ఏ కథ చెబితే అందరూ పడిపడి నవ్వుతారో రెండు మూడు వారాల్లోనే కనిపెట్టేశాను. అది మా ఆయన కథ. బస్సులో ఆయన కాలు తొక్కినవాడికే ఆయన సారీ చెప్పడం, కూరలవాడు కుళ్లిన టమాటాలు వేస్తుంటే ఆకాశం వైపు చూస్తూ నిలబడటం. కొంత జరిగింది, కొంత నేను కల్పించింది. చివర "అదండీ మా ముద్దపప్పు" అనగానే గది ఘొల్లుమనేది. పేకముక్కలు చేత పట్టుకుని ఆయన కూడా నవ్వేవారు. శ్రీకాకుళం వదిన ఆయన్ని ఎదురుగానే "ముద్దపప్పన్నియ్యా, కొంచిం టీ తాగుతారేటి?" అని అడిగే దాకా వచ్చింది.

పాప పుట్టింది. పాపకి నాలుగేళ్లు నిండి బడికి వెళ్లడం మొదలుపెట్టాక నాకు ఉద్యోగం దొరికింది.

అశోకా రోడ్ వెనక ఒక పాత బంగళాలో ఒక సంస్థ తెలుగు–హిందీ నిఘంటువు తయారుచేస్తోంది. మొత్తం నలుగురం. ప్రధాన సంపాదకుడు అనంతపురం వైపు కాలేజీలో ప్రిన్సిపాలుగా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన్ని మాస్టారూ అనేవాళ్లం. హిందీ చూసేందుకు బనారసు నుంచి వచ్చిన ఒక పండిట్‌జీ. టైపు చేసే ఆమె ఒకరు. పోతే నేను. ఒక్కో మాటకి ఒక్కో కార్డు. పైన మాట, దాని కింద అర్థాలు వరసగా, ఒక్కో అర్థానికి తెలుగులో ఒక వాక్యం, ఆ వాక్యానికి హిందీ. వాక్యం పుస్తకాల్లోంచి ఎత్తకూడదు, మనుషులు మాట్లాడుకునేదే రాయాలి. అది మాస్టారి నియమం.

"సజీవమైన వాడుక కావాల మనకు. ఎండిపోయిన మాటలు వద్దు," అనేవారు.

కంటోన్మెంటు నుంచి బ్లూలైన్ బస్సులో నిలబడి వెళ్లి నిలబడి వచ్చేదాన్ని. అయినా ఆ రెండేళ్లంత సంతోషంగా నేనెప్పుడూ లేను. నా హిందీ అంతంతమాత్రం. అందుకని రాసిన కార్డులు సాయంత్రం ఇంటికి తెచ్చేదాన్ని. వంట చేస్తూ నేను తెలుగు వాక్యం చదివితే, మా ఆయన బల్ల దగ్గర కూర్చుని హిందీ రాసేవారు. అక్షరాలు అచ్చు వేసినట్టుండేవి. పండిట్‌జీకి ఆ కార్డుల్లో దిద్దడానికి ఏమీ దొరికేది కాదు. "మీవారు పండితుడమ్మా," అనేవాడు తన హిందీలో. నా పనిలో సగం ఆయనదే. పుస్తకంలో ఆయన పేరుండదు. ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు.

పవర్గం వచ్చింది. ఒక మధ్యాహ్నం 'పప్పు' కార్డు నా ముందుకొచ్చింది. కందులు, పెసల్లాంటివాటి పొట్టు తీసిన బద్ద. ఆ బద్దలతో వండిన కూర. కొన్ని గింజల లోపలి తినే భాగం, బాదంపప్పు, జీడిపప్పు. ఇంతవరకూ తేలికే. తర్వాత వాడుకలు. మెత్తనివాణ్ణి పప్పనడం. పప్పులో కాలేయడమంటే పొరబడటం. పప్పులు ఉడకకపోవడమంటే ఎత్తు పారకపోవడం. అది వినగానే పండిట్‌జీ కుర్చీలోంచి లేచాడు. వాళ్ల హిందీలోనూ అదే మాట. ఎత్తు పారకపోతే దాల్ నహీఁ గలీ అంటారట, పప్పు ఉడకలేదని. వెయ్యి మైళ్ల దూరంలో రెండు కుండల్లో ఒకే పప్పు ఉడకడం మానేసిందని పొంగిపోయి అందరికీ టీ తెప్పించాడు.

"మా ఇంట్లో కూడా పప్పూ ఉన్నాడు, బేటీ. నా మనవడు," అన్నాడు. "మా ఇళ్లలో ముద్దొచ్చే పిల్లవాణ్ణి పప్పూ అని పిలుస్తాం. మీకు మెత్తనివాడైతే పప్పా? అది తిట్టా?"

"తిట్టే, పండిట్‌జీ."

"అయ్యో, ఎంత మంచి మాట, దాన్ని తిట్టు చేశారే," అని నవ్వాడు.

ఆ ఉత్సాహంలోనే 'ముద్దపప్పు' కార్డు రాశాను. మొదటి అర్థం తాలింపు లేని, మెత్తగా ఉడికించిన కందిపప్పు. రెండో అర్థం నోరు లేనివాడు, చురుకుదనం లేనివాడు. దానికొక వాక్యం కావాలి. కలం ఆగలేదు. 'ఆవిడ మొగుడు ఉత్త ముద్దపప్పు, ఎవరేమన్నా నోరెత్తడు.' రాసి, చదువుకుని, బాగుందనుకుని, మిగతా కార్డులతో కలిపి సంచిలో పెట్టాను.

ఆ సాయంత్రం నేను చపాతీలు ఒత్తుతున్నాను. ఆ రోజు కార్డులు చదివి వినిపించలేదు, మీరే చూసి రాసేయండన్నాను. కాసేపటికి బల్ల దగ్గర కలం చప్పుడు ఆగింది. తిరిగి చూశాను. ఒక కార్డు చేతిలో పట్టుకుని ఉన్నారు. ఏ కార్డో నాకు తెలుసు. ఏమంటారోనని కొంచెం ఆత్రంగా కూడా ఉంది. అంటే నవ్వుకోవచ్చు, లేదా ఒక చిన్న పోట్లాట, ఏదైనా సరే.

"దీనికి హిందీలో ఒక్క మాట చాలదు," అన్నారు. "భోందూ అంటే తెలివితక్కువవాడు. అది కాదుగా నువ్వనేది?"

"కాదు."

"దబ్బూ అని రాస్తాను. అణిగిమణిగి పడుండేవాడు. అది సరిపోతుంది."

దబ్బూ అని రాశారు. వాక్యం మొత్తానికి హిందీ రాశారు. కార్డుని మిగతావాటి కింద పెట్టి తర్వాతది తీశారు. నా చపాతీ ఒకటి మాడింది.

మాస్టారు మాత్రం ఆ కార్డుని పక్కన పెట్టారు. మర్నాడు నన్ను పిలిచి, "ఏమ్మా, కోశంలో మాటకి అర్థం ఉండాల గానీ తిట్టు ఉండకూడదు. రెండో అర్థం తీసేద్దాం," అన్నారు.

నేను ఒప్పుకోలేదు. జనం ఆ మాటని తిండికన్నా మనిషికే ఎక్కువసార్లు వాడతారని వాదించాను. తిట్టయినా మాటే కదా అన్నాను. అరగంట వాదించాను. చివరికి ఆయన నీరసంగా, "నువ్వు యాడ విన్నావు ఇది?" అన్నారు.

"మా ఇంట్లోనే మాస్టారూ. నేనే అంటాను, మా ఆయన్ని."

మాస్టారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "ఈ హిందీ రాత ఎవరిది?"

"ఆయనదే."

మాస్టారు కార్డుని మళ్లీ చదివారు. "సరే, అర్థం ఉంచుదాం. వాక్యం మార్చు. ఇంకెవరి మీదైనా రాయి తల్లీ," అన్నారు.

"సజీవమైన వాడుక కావాలన్నది మీరే కదా మాస్టారూ," అన్నాను. గెలిచాననుకున్నాను. ఆయన కార్డు మీద సంతకం పెట్టి ఇచ్చేశారు. నేనది బస్సులో తలుచుకుని తలుచుకుని మురిసిపోయాను.

ఆ శీతాకాలంలో మా ఆయన ఆఫీసరు, ఆయన భార్య మా ఇంటికి భోజనానికొచ్చారు. ఆ ఆఫీసరు మంచివాడే, కాకపోతే గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఎప్పటినుంచో "సౌత్ ఇండియన్ ఖానా ఖిలావో భాయ్" అని వెంటపడుతున్నాడు. మా ఆయన ఎప్పుడూ లేనిది హడావిడి పడ్డారు. ఐఎన్ఏ మార్కెట్‌కి వెళ్లి మునక్కాడలు, కరివేపాకు తెచ్చారు. కొత్త స్వెట్టరు వేసుకున్నారు. నేను సాంబారు, వేపుడు, అప్పడాలు చేశాను. ఆవకాయలోకి ముద్దపప్పు చేశాను.

ఆఫీసరు ముద్దపప్పు రెండోసారి వడ్డించుకున్నాడు. "వాహ్ భాభీజీ! యే కౌన్‌సీ దాల్ హై? బిల్కుల్ మఖ్ఖన్!" అన్నాడు, అచ్చం వెన్నేనని.

"ఇస్‌కో ముద్దపప్పు బోల్తే హై," అన్నాను.

మంచం మీద కూర్చుని అప్పడం తింటున్న పాప పకపకా నవ్వింది. దానికి తెలుగు అర్థమయ్యేది కానీ ఏదడిగినా హిందీలోనే జవాబు చెప్పేది. బడిలో, వీధిలో అంతా హిందీయే. దాని నోట తెలుగు మాట వినబడటమే అరుదు.

"నహీఁ మమ్మీ! ముద్దపప్పు తో పాపా హై!" అంది. కాదు, ముద్దపప్పంటే నాన్న అని.

ఆఫీసరు అర్థమేమిటని కంచంలోంచి తలెత్తాడు. "మత్లబ్?"

ఆ ఒక్క క్షణం నా చేతిలో ఉంది. ముద్దు పేరని చెప్పి ఉండొచ్చు. మీ పప్పూ లాంటిదే అంటే అతను ఒప్పుకుని అన్నం కలుపుకునేవాడు. మాటలకి అర్థాలు రాయడమే నా ఉద్యోగం. ఏ మాటకైనా ఒకటికి నాలుగు చెప్పగలను. మా ఆయన నా వైపు చూశారు. బతిమాలినట్టు కాదు, మామూలుగానే చూశారు. అప్పటికే ఆఫీసరు భార్య నవ్వడానికి సిద్ధంగా నా మొహంకేసి చూస్తోంది. ఆవిడ మొహం చూశాక నేను ఆగలేకపోయాను. ఆదివారాల్లో అలవాటైన గొంతుతోనే చెప్పాను. ఎవరేమన్నా కిసీసే కుఛ్ నహీఁ బోల్తే, తిరిగి ఒక్క మాట అనరు కదా, అందుకని. దబ్బూ, అన్నాను. ఆయన నాకు వెతికిచ్చిన మాట.

ఆఫీసరు పొలమారేంతగా నవ్వాడు. ఆయన భార్య నవ్వింది. నేను నవ్వాను. పెద్దవాళ్లందరూ నవ్వుతున్నారని పాప చప్పట్లు కొట్టింది. మా ఆయన లేచి ఆఫీసరు గ్లాసులో నీళ్లు పోశారు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక రోజు పాప బడి నుంచి మా నిఘంటువు ఆఫీసుకి ఫోనొచ్చింది. పిల్లకి జ్వరం, వచ్చి తీసుకెళ్లండన్నారు. బడి మా ఆయన ఆఫీసుకి దగ్గర. నేను అక్కడికి ఫోను చేసి, ఫలానావారి భార్యనని, ఆయన్ని పిలవమని హిందీలో అడిగాను. అవతల ఎవరో ఫోను బల్లమీద పెట్టి గట్టిగా కేకేశాడు.

"అరే, దాల్ సాబ్‌కో బులావో! ఘర్ సే ఫోన్ హై!"

దాల్ సాబ్ అంటే పప్పుగారు. గదిలో ఎవరో నవ్వారు. ఇంకెవరో, "దాల్ సాబ్, భాభీజీ డాంటేంగీ, జల్దీ ఆవో," అన్నారు, వదినగారు తిడతారు త్వరగా రమ్మని. ఆ మాటల్లో కసి ఏమీ లేదు. రోజూ అనేవాళ్లు అన్నట్టే అన్నారు.

"చెప్పు," అన్నారు మా ఆయన ఫోన్లో. పాప సంగతి చెప్పాను. "సరే, వెళ్తున్నా," అని పెట్టేశారు.

సాయంత్రం పాప మందేసుకుని పడుకున్నాక అడిగాను. "ఎప్పటినుంచి పిలుస్తున్నారు మిమ్మల్ని అలా?"

"ఎలా?"

"ఆ పేరుతో."

"ఆఫీసరు మనింట్లో భోంచేసిన మర్నాటినుంచి."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే వచ్చే ఆదివారం అదొక కథ అయ్యేది."

కోపం లేదు ఆ గొంతులో. బస్సు ఆలస్యమైందని చెప్పే గొంతు. తప్పు నాదేనండీ అని నేను ఆ క్షణంలో అనాలి. నోట్లోకి వచ్చింది కూడా. కానీ వచ్చినదాన్ని మింగేసి, సిగ్గుతో ఒళ్లు మండిపోతుంటే, ఆ మంట ఆయన మీదే కక్కాను.

"మీరు ఊరుకోబట్టే కదా వాళ్లంటున్నారు! మొదటి రోజే ఒక్కడికి గట్టిగా జవాబు చెప్పి ఉంటే మళ్లీ అనేవాళ్లా? మనిషన్నాక కాస్తయినా రోషం ఉండాలి. ముద్దపప్పులా..."

అనేశాక ఆగాను. ఆయన పాప నుదుటిమీద తడిగుడ్డ మార్చి, గిన్నెలో నీళ్లు పారబోయడానికి బయటికి వెళ్లారు.

రెండు నెలల తర్వాత జబల్పూరుకి బదిలీ కాగితం వచ్చింది. ఆఫీసుమీద, ప్రభుత్వం మీద విరుచుకుపడ్డాను. పాప చదువేం కావాలి, నా ఉద్యోగమేం కావాలి, వెళ్లి ఆఫీసరుని అడగండి అన్నాను. అప్పుడు చెప్పారు.

"నేనే అడిగాను."

ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట తీసుకుని వెళ్లిపోయారు. క్వార్టరు వదులుకోవాల్సి వచ్చింది. నేనూ పాపా లక్ష్మీ నగర్‌లో, కోచింగ్‌కొచ్చిన పిల్లలు కిక్కిరిసి ఉండే వీధిలో ఒక గది తీసుకున్నాం. నిఘంటువు పని మరో ఏడాదికి పైగా సాగింది. హిందీ వాక్యాలు ఇక నేనే రాసుకునేదాన్ని. పండిట్‌జీ ఎర్ర సిరాతో కార్డులు నింపేసేవాడు. మీవారికేమైంది బేటీ అని అడిగితే బదిలీ అని చెప్పాను.

ఆదివారం పొద్దున వీధి చివరి ఎస్‌టీడీ బూత్ నుంచి ఆయనకి ఫోను చేసేవాళ్లం. పాపతో ఐదు నిమిషాలు, నాతో అరనిమిషం. ఆరోగ్యం బాగుందా, ఇక్కడ వాన పడింది, అంతే.

పుస్తకం అచ్చయింది. చిన్న సభ జరిగింది. మాస్టారు నాకు రెండు ప్రతులిచ్చారు. ఒకటి జబల్పూరుకి పోస్టులో పంపాను. పంపేముందు ఆ పేజీ తీసి చూశాను. ముద్దపప్పు, రెండు అర్థాలు, నా వాక్యం, ఆయన హిందీ. నల్లటి అచ్చులో నిండుగా ఉంది. ఆ పేజీ చింపి పంపనా అని కూడా ఆలోచించాను. చింపలేదు. పదిహేను రోజులకి ఉత్తరం వచ్చింది. పుస్తకం అందింది, అట్ట బాగుంది, మీరంతా చాలా శ్రమపడ్డారు. 'స' అక్షరం దగ్గర రెండు చోట్ల హిందీలో దీర్ఘం పోయింది, మళ్లీ అచ్చువేసేటప్పుడు చూసుకోండి. అంతే. పుస్తకం మొత్తం చదివారన్నమాట.

నా పని అయిపోయింది కనుక జబల్పూరు వచ్చేస్తామని రాశాను. పాప బడి మార్చడం మంచిది కాదు, అక్కడే ఉండండని జవాబు వచ్చింది. వేసవి సెలవులివ్వగానే చెప్పకుండా బయల్దేరాను. నెల రోజులుండాలని, వీలైతే ఇక తిరిగి రాకూడదని అనుకున్నాను.

మేం చేరేసరికి సాయంత్రం ఐదు. పెంకుటిల్లు, ముందు వరండా. రిక్షా దిగుతుంటేనే మాటలు వినబడ్డాయి. ఆయన ఆఫీసువాళ్లు ముగ్గురు వరండాలో కుర్చీల మీద ఉన్నారు. ఒకాయన కళ్లు తుడుచుకుంటున్నాడు, నవ్వీ నవ్వీ. మధ్యలో మా ఆయన నిలబడి, ఎవరో స్టేషన్‌మాస్టరు నడకని నడిచి చూపిస్తూ, హిందీలో ఏదో కథ చెబుతున్నారు. చేతులూపుతున్నారు. గొంతు మారుస్తున్నారు. నాకు తెలియని మనిషి. రిక్షావాడు సామాను దించినా నేను కదల్లేదు. అలా ఎంతసేపు చూసేదాన్నో తెలియదు, పాప "పాపా!" అని పరిగెత్తింది.

ఆయన పాపని ఎత్తుకుని తిప్పారు. దించాక నన్ను చూశారు. చేతులు కిందికి దిగాయి. "వచ్చారా, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నారు.

ఆ ముగ్గురిలో పెద్దవాడు నాకు నమస్కారం పెట్టి, "భాభీజీ, మీవారు లేకపోతే మా ఆఫీసులో పొద్దు గడవదు. ఇంతగా నవ్వించే మనిషిని ఇన్నాళ్లూ ఢిల్లీలో దాచుకున్నారు మీరు!" అన్నాడు హిందీలో. నేను నవ్వడానికి ప్రయత్నించాను.

వాళ్లు రోజూ వచ్చేవారు. నేను వంటింట్లో ఉంటే వరండాలోంచి ఆయన మాటలు వినబడేవి. టీ పట్టుకుని గుమ్మంలోకి రాగానే వాక్యం మధ్యలో తెగిపోయేది. అవతలివాళ్లు అది గమనించారు. నాలుగో రోజు నుంచి నేను టీ పాప చేత పంపడం మొదలుపెట్టాను. ఒకరోజు పాప ఖాళీ కప్పులు తెచ్చి, కళ్లు పెద్దవి చేసి, "మమ్మీ, పాపా యహాఁ కిత్‌నా బోల్తే హై!" అంది, నాన్న ఇక్కడ ఎంత మాట్లాడతారో అని.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, పాప పక్కింట్లో ఆడుకుంటుంటే, నేను ఇన్నాళ్లూ మింగుతూ వచ్చిన మాట అన్నాను.

"నాదే తప్పండీ. ఆఫీసరు ముందు నేనలా చెప్పకుండా ఉండాల్సింది. అంతకుముందూ అనకుండా ఉండాల్సింది. ఇంకెప్పుడూ ఆ మాట అనను. మనం కలిసి ఉందాం. ఢిల్లీ రానక్కర్లేదు, మేమే ఇక్కడికొస్తాం."

ఆయన చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నారు. దారం తెంపి, సూదిని జాగ్రత్తగా రీలుకి గుచ్చారు.

"నువ్వు కావాలని చేశావని నేననుకోలేదు," అన్నారు. "కానీ నువ్వు అనకపోయినా నాకు వినబడుతుంది. నువ్వు ఎదురుగా ఉంటే, నోరు తెరిచేముందు, ఇది ఎలా ఉంటుంది, నువ్వు దీన్నేమంటావు అని చూసుకుంటాను. చూసుకునేసరికి మాట పోతుంది. ఇక్కడ చూసుకోను. నాకిక్కడ బాగుంది."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాతో ఒక్కసారైనా అంత పొడుగ్గా మాట్లాడటం నాకు గుర్తులేదు. రెండు రోజుల తర్వాత బయల్దేరాం. స్టేషనులో పాపకి సీతాఫలాలు లేవని మామిడిపళ్లు కొనిపెట్టారు. నాకు మంచినీళ్ల సీసా నింపి తెచ్చిచ్చారు. రైలు కదిలాక పాప కిటికీలోంచి చెయ్యి ఊపింది, ఆయనా ఊపారు.

ఆయన జబల్పూరులో మరో ఆరేళ్లు ఉన్నారు, ఆ తర్వాత బదిలీ అయినా ఢిల్లీకి మాత్రం రాలేదు. పండగలకి, పాప పరీక్షలకి వచ్చి వెళ్లేవారు. నేను సాకేత్‌లో ఒక ఆఫీసులో అనువాదాల పనిలో చేరి, రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. చుట్టాలు ఉద్యోగాల వల్ల విడిగా ఉంటున్నామనే అనుకున్నారు, మేమూ అదే చెప్పాం. పాప పెద్దదయ్యాక సెలవులన్నీ తండ్రి దగ్గరే గడిపేది. తిరిగొచ్చాక నెల రోజులు ఆయన చెప్పిన జోకులు ఫోన్లో స్నేహితురాళ్లకి హిందీలో చెప్పి నవ్వేది. నేను పక్క గదిలో వినేదాన్ని. కొన్ని నిజంగా చాలా బాగుండేవి.